అరకు రైల్లో పిట్టల కోసం: తలకిందుల సలహాలు

అద్దాల పెట్టెలో టికెట్ దొరికితేనే అరకు వెళ్లమని అందరూ చెబుతారు. పిట్టల కోసం వెళ్లేవాళ్లు ఆ టికెట్ దొరికినా తీసుకోవద్దు. 2017లో వచ్చిన విస్టాడోమ్ పెట్టెలో కొండలు బాగానే కనిపిస్తాయి గానీ, బిగించిన అద్దాలు దాటి ఒక్క కూత కూడా లోపలికి రాదు. అడవిలో పిట్ట ముందు చెవికి చిక్కుతుంది, తర్వాతే కంటికి. కిటికీ ఊచలున్న మామూలు పెట్టె ఎక్కండి.

లోయ వైపు సీటు కోసం ఎగబడకండి. బొడ్డవర దాటి ఘాట్ మొదలవగానే జనమంతా అటే ఒరుగుతారు. మీరు కొండ వైపే ఉండండి. లోయలో ఎగిరే పిట్ట చుక్కంత కనబడుతుంది. ఇటు తొలిచిన రాతిగోడ, దాని మీద జారే నీళ్లు, పొదలు అన్నీ కిటికీ పక్కనే. మలబార్ విజిలింగ్ థ్రష్‌కు ఇష్టమైన చోటు ఇలాంటి తడి రాళ్లే. ఒళ్లంతా నల్లనీలం, భుజాన మెరిసే నీలం. వానాకాలంలో దాని ఈల వింటే, పనీపాటా లేని కుర్రాడెవరో తోచిన రాగం తీస్తున్నట్టే ఉంటుంది.

రైలు ఆలస్యం కావాలని కోరుకోండి. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన దారి ఇది. గూడ్సుకు దారివ్వడానికి ప్యాసింజర్‌ను చిన్న స్టేషన్లలో ఆపేస్తుంటారు. అందరూ విసుక్కునే ఆ సమయమే మీది. కదిలే రైల్లో బైనాక్యులర్ ఎందుకూ పనికిరాదు, రైలు ఆగినప్పుడే తీయండి. చక్రాల మోత ఆగాక పికిలి పిట్టలు, ఏట్రింతలు వినిపిస్తాయి.

అరకు దాకా అసలు వెళ్లకండి. బొర్రా గుహలు స్టేషన్లో దిగి, గుహలకు వెళ్లే గుంపును వదిలేసి అనంతగిరి కాఫీ తోటల దారి పట్టండి. కాఫీకి నీడనిచ్చే పెద్ద చెట్ల కింద తొందరపడకుండా నిలబడండి. విశాఖ పక్షి పరిశోధకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు శ్రద్ధగా గాలించిన తూర్పు కనుమలివి. అబ్బట్స్ బాబ్లర్ అనే పిట్టలో ఇక్కడి ఉపజాతికి 1985లో ఆయన పేరే పెట్టారు. ఆ సంగతి మన బడి పుస్తకాల్లో ఉండాలి.

గోధుమరంగులో, నేలబారు పొదల్లో తిరిగే ఆ పిట్టను ఫోన్లో కూత వినిపించి రప్పించకండి. గూడు కట్టుకునే రోజుల్లో దానికది పెద్ద బెడద. కనిపించకపోతే, కనిపించలేదనే రాసుకుని రండి.