నవాగామ్‌లో వేట బండి

సూరత్ నవాగామ్‌లో అడవి లేదు, గుట్ట లేదు, చెప్పుకోదగ్గ ముళ్లపొద కూడా లేదు. ఉన్నవి సాంచాల (మరమగ్గాల) చప్పుడు, చీరల మూటలు, దిండోలి దాకా బారులు తీరిన ట్రాఫిక్. అయినా ఈ మధ్య మన తెలుగు గల్లీల్లో కుర్రాళ్లు ఎక్కడ నలుగురు కలిసినా ఒకటే చర్చ. వేటకు నమ్మకమైన బండి ఏది?

వేట అంటే నిజంగా వేటే. చేతిలో లోచో ప్లేటు, నోట్లో గ్రౌండ్ క్లియరెన్సు. "అడవి నడిమిట్ల ఆగిపోతే ఎవడొస్తడు కాకా? బండి గట్టిగుండాలె" అన్నాడు మొన్న ఒకడు. "ఏ అడవి రా?" అన్నాను. "ఏదైతేంది, ఎప్పుడో ఒకనాడు పోతం గద!" అన్నాడు. అడవికి పోయే నాడు ఎప్పుడో తెలియదు గానీ వాయిదాలు మాత్రం వచ్చే నెల అయిదో తారీఖు నుంచే. వీళ్ల తాతలు కరీంనగర్, నల్లగొండ, వరంగల్ నుంచి రైలెక్కి ఉధ్నాలో దిగిన రోజున కూడా ఇంత ముందుచూపు చూపలేదు పాపం. దిగీ దిగంగనే సాంచా దగ్గర నిలబడ్డారు.

మనవడు జీపు కొంటే నాకేం కడుపుమంట లేదు. కష్టపడ్డ ఇల్లు, కొనుక్కోనీ. నా పేచీ అంతా ఆ వేట అనే సాకుతోనే. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. దాని లెక్కలో చంపడమే కాదు, తరమడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, ఆఖరికి ప్రయత్నించి తప్పిపోవడం కూడా వేటే. పంట పాడుచేసే జంతువును కాల్చాలన్నా అధికారి రాసిచ్చిన కాగితం ఉండాలి. ఇక బండి సంగతికొస్తే 39వ సెక్షన్ చదవండి. నేరానికి వాడగా పట్టుబడిన వాహనం ప్రభుత్వ ఆస్తి అంటుంది. మీరు నెలల తరబడి వీడియోలు చూసి, టైరు టైరుకూ బేరమాడి ఎంచుకున్నది అటవీశాఖ వారి కోసమన్నమాట. వాళ్లకు నిజంగానే అడవిలో పని ఉంటుంది కనుక ఆ విధంగా చూస్తే ఎంపిక మంచిదే.

జోధ్‌పూర్ దగ్గర కృష్ణజింకల సంగతి తెలియని తెలుగువాడు ఉండడు. జింకలు పడింది 1998లో, కింది కోర్టు సినిమా హీరోకు అయిదేళ్ల శిక్ష వేసింది 2018లో. ఆ తర్వాత అప్పీలు. ఇరవై ఏళ్లు ఆగకుండా నడిచింది కేసు. అంత నమ్మకంగా నడిచే బండిని ఇంతవరకూ ఏ కంపెనీ తయారు చేయలేదు.

సరే, వేట వద్దు, అడవి చూసొద్దాం అంటారు. డాంగ్ అడవులకు, సాపుతారా కొండకు తారు రోడ్డే ఉంది. ఎస్‌టీ బస్సు పోతుంది. కిటికీలు గలగలలాడే ఆ బస్సును అప్రోచ్ యాంగిల్ ఎంత అని అడిగినవాడు లేడు. దానిలో మేకపిల్లతో సహా ఎక్కే డాంగీ ముసలమ్మకు టార్క్ సంగతి చెప్పినవాడూ లేడు.

ఇప్పుడు బండి దగ్గరికి పోదాం. 2020 అక్టోబర్ 2న కొత్త థార్ జీపు వచ్చింది. నేలకు 226 మిల్లీమీటర్ల ఎత్తు, 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో నడుస్తుందని కంపెనీ మాట. నాలుగు చక్రాలకూ బలం అందించే లివర్ వేరే. మంచి యంత్రమే, కాదనను. కానీ పొడి తారు రోడ్డు మీద ఆ లివర్ జోలికి పోకూడదు, గేర్లు బిగుసుకుంటాయి. నవాగామ్‌లో ఉన్నదంతా పొడి తారు రోడ్డు, లేదా తవ్విపెట్టిన తారు రోడ్డు. అందుకే మన గల్లీ థార్‌లో ఆ లివర్‌కు నిమ్మకాయ, మిరపకాయల దండ వేలాడుతుంటుంది. వంగి టైరు చూడండి. ఫ్యాక్టరీలో అచ్చు నుంచి తీసినప్పుడు మిగిలే సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా పక్కలకు అంటుకునే ఉంటాయి.

కంపెనీ కూడా మనవాళ్ల గుట్టు పట్టింది. 2023 జనవరిలో అదే థార్‌ను వెనక చక్రాలకు మాత్రమే బలమిచ్చి, మొదటి ధర 9.99 లక్షలుగా తెచ్చింది. ముఖం అదే, మీసం అదే, అడవి సామాను మాత్రం లేదు. బుకింగులకేం కొదవ రాలేదు. అడవి ఎవడిక్కావాలి, అడవికి పోయే ముఖం కావాలి గానీ. ఆ ముఖానికి ఇనుప బుల్‌బార్ బిగిస్తారు. అలాంటివి తీసేయమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు చెప్పింది. అయినా నీలగాయి గుద్దుతుందేమోనని మనవాడి భయం. లింబాయత్ చౌరస్తాలో నీలగాయి!

ఇంతకన్నా ఎక్కువ కావాలనుకునేవారు నాలుగు లావు చక్రాల ఏటీవీ అడుగుతారు. మన దేశంలో అది మామూలుగా రోడ్డెక్కకూడదు. పొలారిస్ కంపెనీ ఒక ఏటీవీని రోడ్డెక్కించాలనుకుని ట్రాక్టర్‌గా రిజిస్ట్రేషన్ అయ్యే రకం తెచ్చింది. వేటగాడు కావాలని బయలుదేరినవాడు కాగితం మీద రైతు అవుతాడు. ఇందులో తప్పేమీ లేదు, పొలం ఉంటే.

నీళ్ల సంగతి చెప్పకపోతే సూరత్ చూసినట్టు కాదు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ గేట్లు ఎత్తితే తాపీ నది ఊరి మీద పడింది, నగరంలో అత్యధిక భాగం మునిగింది. ఆ రోజుల్లో తిరిగినవి పడవలు. థార్ నడిచే 650 మిల్లీమీటర్లంటే మోకాలికి కాస్త పైన. ఇప్పటికీ వాన పట్టుకుంటే ఖాడీలనే వాగులు పొంగి లింబాయత్ వైపు ఇళ్లలోకి నీళ్లొస్తాయి. అప్పుడు చూడాలి మన అన్ని దారుల వీరులను. ఖాడీ పొంగుతోందన్న కబురు రాగానే బండిని తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద పెట్టి, ప్యాంటు మడుచుకుని నీళ్లలో నడుచుకుంటూ ఇంటికొస్తారు. బండి ఎత్తున, యజమాని లోతున. 2025 జులైలో డుమస్ బీచ్ మీద సరదాకు దిగిన ఒక మెర్సిడెస్ ఇసుకలో కూరుకుపోయి దేశమంతటా నవ్వులపాలైంది. సముద్రం పోటు మీదున్నప్పుడు బ్రాండు చూడదు.

నమ్మకమైన బండి మీ కళ్లముందే ఉంది, దాని మీద స్టిక్కర్లు లేవు, అంతే. 2005లో వచ్చిన టాటా ఏస్, మార్కెట్లో అందరూ పిలిచే ఛోటా హాథీ. చట్టప్రకారం అది మోయాల్సిన బరువు ముప్పావు టన్ను, సూరత్ ప్రకారం తాడు ఆగినంత. దాని వెనక మోపెడ్. కాళ్ల మధ్య ఒక తాకా (బట్ట చుట్ట), వెనక రెండు తాకాలు, పైన కూర్చోవాల్సిన మనిషి బట్ట అంచున అర సీటు మీద. మ్యాన్‌హోల్ మూత లేని చోటు, రాత్రికి రాత్రి మట్టి పోసిన చోటు, బర్రె పడుకున్న చోటు వాడికి కళ్లు మూసుకున్నా తెలుసు. వాటి తర్వాత నడక. లేసు కుట్టడానికి, రాళ్లు అంటించడానికి ఇంటికి తెచ్చుకునే చీరల మూట నెత్తిన పెట్టుకుని, చంకలో పిల్లతో, మోకాటి లోతు నీళ్లలో ఇరుకు మెట్లెక్కి రెండో అంతస్తుకు పోయే వదినలున్నారు ఈ వాడలో. వాళ్లకు కూలీ చీర లెక్కన. చీర తడిస్తే కూలీ కోత. వాళ్ల గ్రౌండ్ క్లియరెన్సు మీద ఎవరూ వీడియో చేయరు.

ఇంత చెప్పినా వేట మీద మోజు తీరనివారికి ఒక దారి ఉంది. కనుమ నాడు అహోబిలం పోండి. నరసింహస్వామి పారువేటకు బయలుదేరతాడు. సుమారు నలభై రోజులు ఊరూరూ తిరుగుతాడు, ఆ వేటకు ఏ సెక్షనూ అడ్డు రాదు. స్వామి వాహనం పల్లకీ, దాని కింద మనుషుల భుజాలు. మీ జీపు మాత్రం ఊరి బయట పార్కింగులో పెట్టాలి, టికెట్టు తీసుకోవడం మరవకండి.