దాని నోరు మూయించాడు!

మైపాడు బీచికి బయల్దేరిన కారు బెల్టు పెట్టుకోమని కుయ్యోమంటుంది. మనవాడు బెల్టు లాగితేనా? ఉత్త బకిల్ ముక్క సందులో దూర్చి దాని నోరు మూయిస్తాడు. ఇలాంటి ముక్కల్ని అమ్మొద్దని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశిస్తే, ఆన్‌లైన్ అంగళ్లు 13,118 ప్రకటనలు పీకేశాయి. మనవాడు అంతకుముందే కొనేశాడట! పోలీసు కనబడితే మాత్రం వెయ్యి జరిమానాకి జడిసి బెల్టు భుజమ్మీదికొస్తుంది, కండువాలాగా.

ఇక సముద్రస్నానం. చిప్పున్న తాళంచెవి లేనిదే ఇంజను స్టార్టవదు. దొంగ తలకిందులుగా తపస్సు చేసినా అంతే. ఆ తాళంచెవినే ముందు టైరు మీద పెట్టి, నడుంలోతు నీళ్లలోంచి బీచంతా వినబడేట్టు కేకేస్తాడు: "రేయ్ అబ్బయ్యా, బీగాలు టైరు మీదుండాయ్, చూస్కో!"