కొనే రాయి వేరు, అమ్మే రాయి వేరు

ఎండ మనది. డాబా మనది. బ్యాంకు అప్పు మనది. రేటు మాత్రం వాళ్లది. ఈ బేరానికి పెట్టిన ముద్దుపేరు ఉచిత విద్యుత్తు!

2024 ఫిబ్రవరిలో డాబాల మీద సోలార్ కరెంటుకు కేంద్ర పథకం ‘పీఎం సూర్య ఘర్’ మొదలైంది. కోటి ఇళ్లు. నెలకు 300 యూనిట్ల దాకా ఫ్రీ. రూ.75,021 కోట్ల ఖర్చు. వింటుంటేనే కడుపు నిండిపోలేదూ? ఆగండి. మూడు కిలోవాట్లకు కేంద్రం ఇచ్చే రాయితీ రూ.78,000. మిగతాది మీ జేబులోంచే. ఆ రాయితీ అయినా ప్యానెళ్లు బిగించి, నెట్ మీటరు పెట్టి, కరెంటాఫీసు సారొచ్చి చూసి వెళ్లాకే. ముందు మీరు వండి వడ్డించండి, బియ్యం తర్వాత పంపుతాం అన్నట్టు.

పోనీ, ఈ పాట కొత్తదా? 2022 కల్లా డాబాల మీద 40 వేల మెగావాట్లు అన్నారు. గడువు వచ్చింది. పావు వంతు కూడా రాలేదు. ఎవరైనా చెంపలేసుకున్నారా? గడువునే 2026కి జరిపారు. పథకం ఫెయిలు, తేదీ పాసు!

సరే, బిగించారు. మీరు వాడుకోగా మిగిలిన కరెంటు లైన్లోకి పోతుంది. కూడికలు, తీసివేతలు అయ్యాక మిగులుంటే కరెంటు పంపిణీ సంస్థ, అంటే డిస్కం, కొంటుంది. ఎంతకి? రెగ్యులేటరీ కమిషన్ చెప్పినంతకి. మీరు బేరమాడొచ్చా? అబ్బే! అదే యూనిట్టు గోడ దూకి పక్కింటికి చేరితే దాని దర్జాయే వేరు. ఏపీలో నెలకు 400 యూనిట్లు దాటితే యూనిట్టుకు రూ.9.75. ఆపైన ఫిక్స్‌డ్ ఛార్జీ, ఇంధన సర్దుబాటు, పాత లోటు పూడ్చే ట్రూ-అప్. వాళ్ల బొగ్గు ఖరీదెక్కితే మనకు సర్దుబాటు. మన ప్యానెల్‌ను కోతి పగలగొడితే సర్దుబాటు ఏదీ?

మే నెల మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి చూడండి. ప్యానెళ్లు పెనంలా కాలుతుంటాయి. కింద ఫ్యాను మాత్రం ఆగిపోయింది. ఏమిటయ్యా అంటే, వీధిలో కరెంటు పోయిందట! బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు లైనుతోపాటే ఆగాలి. స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన నియమం అది. సబబే. కానీ ఆ ముక్క బ్యానరు మీద రాశారా? నెత్తిన సూర్యుడు, చేతిలో విసనకర్ర!

గాలి సంగతంటారా? ఆ పథకంలో ఇంటి గాలిమరకు చోటే లేదు. పెద్ద గాలిమరల వాళ్లు మాత్రం సుఖపడ్డారా? సంతకాలైన ఒప్పందాల మీద 2019లో ఏపీ సర్కారు కత్తెర పట్టుకుని బయల్దేరింది. గాలి యూనిట్టుకు రూ.2.43, సోలార్‌కు రూ.2.44 చాలంది. కంపెనీలు హైకోర్టుకెక్కాయి. ఒప్పుకున్న రేటే కట్టండని 2022 మార్చిలో ధర్మాసనం తేల్చింది. కంపెనీలకు లాయర్లున్నారు. మూడు కిలోవాట్ల రిటైర్డు మాస్టారికి ఎవరున్నారు? డిస్కం ఆఫీసులో ‘రేపు రండి’ అనే గుమస్తా ఉన్నాడు.

సంతలో కొనడానికో రాయి, అమ్మడానికో రాయి పెట్టుకున్న వ్యాపారి దొరికితే తూనికల శాఖ ఊరుకోదు. జరిమానా వేస్తుంది. దొంగ రాయికి ముద్ర ఉండదు కాబట్టి ఇట్టే పట్టేస్తుంది.

ఇక్కడేం పడుతుంది? రెండు రాళ్ల మీదా ప్రభుత్వ ముద్రే!