రక్తం తిప్పే చేతిమర

పల్సోకాన్ అనేది పిడి తిప్పుతున్నంతసేపూ ఒంటిమీద దడదడలాడే ఇనప మర్దన యంత్రం. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఇంగ్లండులో దీనికి మంచి గిరాకీ ఉండేది. తయారయ్యేది లీడ్స్ నగరంలో. యంత్రం మీద ‘డాక్టర్ మకౌరా’ అని కర్త పేరూ, ‘బ్లడ్ సర్క్యులేటర్’ అని యంత్రం చేసే ఉద్యోగమూ రాసి ఉండేవి. కర్త డాక్టరు కాడు. ఇక ఉద్యోగం మాటకొస్తే, ఆ ఖాళీ ఎప్పుడో భర్తీ అయిపోయింది. రక్తాన్ని ఒళ్లంతా తిప్పేది గుండేనని విలియం హార్వే 1628లోనే పుస్తకం అచ్చేశాడు. ఆ గుండె రోజుకు లక్షసార్లు కొట్టుకుంటూ, ఎవరినీ పిడి తిప్పమని అడక్కుండా, తన పని తాను చేసుకుపోతూనే ఉంది.

యంత్రం కట్టుబడి సులువైనది. పట్టుకోవడానికి ఒక కాడ, మధ్యలో గుండ్రటి డబ్బా, డబ్బా పక్కన తిప్పే పిడి, కొసన ఒంటికి ఆనే బిళ్ల. తొలిసారి చూసినవాళ్లు దాన్ని గుడ్లు గిలక్కొట్టే చేతియంత్రం అనుకుంటారు. ఆ అనుకోవడంలో పెద్ద పొరపాటేమీ లేదు, లోపలి కిటుకు ఒకటే. పిడితో పెద్ద పళ్లచక్రం తిరుగుతుంది, దాన్ని కరుచుకున్న చిన్న చక్రం అంతకు ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది. చిన్న చక్రం ఇరుసుకు కాస్త పక్కగా బిగించిన మేకు ఆ తిరుగుడును ముందూవెనకల ఊపుగా మార్చి బిళ్లను తోస్తుంది. పెద్ద చక్రానికి చిన్నదాని కన్నా ఇరవై రెట్లు పళ్లున్నాయనుకుంటే, నిమిషానికి వంద చుట్లు తిప్పేవాడికి రెండు వేల పోట్లు దక్కుతాయి. అంటే సెకనుకు ముప్పైమూడు. ఒక్కో పోటులో బిళ్ల కదిలేది చాలా కొద్దిమేర. చప్పుడు మాత్రం ధారాళం.

ఇందులో స్ప్రింగు లేదు. గడియారానికి చావి ఇచ్చినట్టు ఇచ్చి వెల్లకిలా పడుకోవడం కుదరదు. చెయ్యి ఆగితే బిళ్లా ఆగుతుంది. మామూలు మనిషి ఆపకుండా తిప్పితే చేతినుంచి వచ్చే శక్తి కొన్ని పదుల వాట్లు. అందులో కొంత చక్రాల రాపిడి తింటుంది, కొంత చప్పుడు తింటుంది, మిగిలింది రోగికి చేరుతుంది. అదే చెయ్యి మధ్యలో ఏ యంత్రమూ లేకుండా నేరుగా భుజం పిసికితే దళారీ ఖర్చు ఉండదు. అయితే సెకనుకు ముప్పైమూడుసార్లు పిసకగల చెయ్యి ఇంతవరకు ఎవరికీ లేదు. యంత్రం పక్షాన చెప్పుకోదగ్గ వాదన ఇదొక్కటే, ఇది గట్టి వాదనే.

చిక్కంతా చేతుల లెక్కలో ఉంది. కాడ పట్టుకోవడానికి ఒక చెయ్యి, పిడి తిప్పడానికి ఒక చెయ్యి కావాలి. మనిషికున్నవి అక్కడికే సరి. కూర్చున్నవాడికి తన మోకాళ్లు, తొడలు, పొట్ట సుఖంగా అందుతాయి. నడుము ఒళ్లు మెలితిప్పితే అందుతుంది, అయితే ఆ మెలికతో కొత్త నొప్పి రావచ్చు. రెండు భుజపు పలకల మధ్య జానెడు చోటు, పగలంతా బల్లమీద వంగి లెక్కలు రాసే గుమాస్తాకు సరిగ్గా నొప్పి పుట్టే చోటు, ఎంత మెలితిరిగినా అందదు. మోచేతికి వాడాలంటే మూడో చెయ్యి తప్పదు. కాబట్టి తిప్పడానికి రెండో మనిషి కావాలి. రెండో మనిషంటూ ఉన్నాక అతనికి చేతులూ ఉంటాయి. అప్పుడు యంత్రం ఎందుకన్న ప్రశ్న వస్తుంది. అమ్మేవాళ్లు ఆ ప్రశ్నను తెలివిగా దాటవేశారు.

నిజానికి ఈ రెండో మనిషిని వదిలించుకోవడమే యూరపులో మర్దన యంత్రాల చరిత్ర. డబ్బున్నవాళ్లకు ఒళ్లు పట్టే మనిషి దొరికేవాడు. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండు సముద్రతీరాన బ్రైటన్‌లో ఆవిరి స్నానాలూ మర్దనా కలిపి స్నానశాల నడిపి, నాలుగో జార్జి, నాలుగో విలియం రాజులకు మర్దన వైద్యుడిగా నియామకం పొందాడు. రాజులకు పాట్నా నుంచి వచ్చిన చేతులు ఉన్నాయి. బల్లమీద వంగే గుమాస్తాకు లేవు.

యంత్రానికి పూర్వీకులు చాలామందే. అందరికన్నా పెద్దది ఒక కుర్చీ. ఫ్రాన్సులో సెయింట్ పియర్ అనే మతగురువు 1713లో యూరపు రాజ్యాలన్నిటి మధ్య శాశ్వత శాంతికి ఒక పథకం రాశాడు. రాజులు వినలేదు. సుమారు ఇరవై ఏళ్ల తరవాత ఆయనే కూర్చున్నవాణ్ణి ఎడాపెడా కుదిపే కుర్చీకి ప్రచారం మొదలుపెట్టాడు. గుర్రపుబండి ప్రయాణం ఒంటికి మంచిదని అప్పటి వైద్యుల నమ్మకం. గతుకుల రోడ్డు ఇంట్లోకే వస్తే ప్రయాణపు ఖర్చు తప్పుతుందని ఆయన లెక్క. ఈ రోజుల్లో అదే గతుకు ఉచితంగా దొరికే ఊళ్లలో అలాంటి కుర్చీకి గిరాకీ ఉండకపోవచ్చు.

స్వీడన్‌లో గుస్టావ్ జాండర్ అనే వైద్యుడు 1860లలో స్టాక్‌హోంలో ఏకంగా యంత్రాల వైద్యశాల పెట్టాడు. చేతులు ఊపే యంత్రం, పొట్ట పిసికే యంత్రం, వీపు తట్టే యంత్రం, గుర్రంలా ఊగే జీను. వాటిలో కొన్నిటిని రోగి కదిలించాలి, కొన్ని ఆవిరి బలంతో రోగిని కదిలిస్తాయి. ఫొటోల్లో పెద్దమనుషులు కోటు, టై తీయకుండా, ముఖంలో ఏ భావమూ లేకుండా ఈ యంత్రాల్లో బిగించుకుని కూర్చుని ఉంటారు. 1912లో మునిగిన టైటానిక్ ఓడ వ్యాయామశాలలో ఉన్న కరెంటు ఒంటె ఈ వంశంలోదే.

లండన్ వైద్యుడు జోసెఫ్ మోర్టిమర్ గ్రాన్‌విల్ 1880ల తొలినాళ్లలో చేతిలో ఇమిడే సుత్తి యంత్రం చేయించాడు. మొదట చావితో, తరవాత బ్యాటరీతో నడిచింది. నరాల మీద వరసగా చిన్న దెబ్బలు వేస్తే నొప్పి తగ్గుతుందని 1883లో పుస్తకమూ రాశాడు. పారిస్‌లో నరాల వైద్యానికి పెద్దదిక్కు అయిన షార్కో, వణుకుడు రోగులు రైలు ప్రయాణం తరవాత తేలిగ్గా ఉందని చెప్పడం విని, రైలులా అదిరే కుర్చీ పెట్టించాడు. శిష్యుడు జిల్ ద లా తూరెత్ ఒక అడుగు ముందుకేసి అదిరే టోపీ చేయించాడు. షార్కో 1893లో పోయాడు, కుర్చీ మూలపడింది. 2012లో అమెరికా పరిశోధకులు దాని వారసుణ్ణి పరీక్షించారు. అదిరే కుర్చీలో కూర్చున్నవాళ్లకు కొంత మేలు కనిపించింది. అదరని కుర్చీలో కూర్చుని అవే చప్పుళ్లు విన్నవాళ్లకూ దాదాపు అంతే మేలు కనిపించింది. ఊరికే కూర్చోవడాన్ని వైద్యశాస్త్రం ఇంకా తగినంతగా పట్టించుకోలేదు.

వీటన్నిటికీ ఆవిరో, బ్యాటరీయో, పెద్ద గదో కావాలి. 1900 ప్రాంతంలో ఇంగ్లండులో చాలా ఇళ్లకు కరెంటు లేదు. అందుకే చేతిపిడి. వెనకబడినట్టు కనిపించే ఈ ఏర్పాటే పల్సోకాన్‌కు బలం. తీగ లేదు, ఆసిడ్ లేదు, డాక్టరు దగ్గరికి వెళ్లే పని లేదు.

జెరాల్డ్ జోసెఫ్ మకౌరా కనిపెట్టినదాన్లో అసలు విశేషం అమ్మకం పద్ధతి. రోగాలన్నిటికీ మూలం మందగించిన రక్తమని ఒక్క సూత్రం పట్టుకున్నాడు. ఇక ఏ రోగాన్నీ వదిలిపెట్టాల్సిన అగత్యం లేదు. కీళ్లవాతం, చెవుడు, పక్షవాతం, అన్నిటికీ పిడే మందు. పెద్దపెద్ద హాళ్లలో సభలు పెట్టి, రోగుల్ని వేదిక ఎక్కించి, అందరి ముందూ బిళ్ల ఆనించి తిప్పేవాడు. వేదిక మీద వెయ్యి కళ్ల ముందు నిలబడ్డవాడికి నడుంనొప్పి ఆ కాసేపు గుర్తుండకపోవడం వింతేమీ కాదు. ఇంటికెళ్లాక గుర్తొచ్చిన నొప్పికి సాక్షులుండరు.

వ్యాపారం ఇంగ్లిష్ ఛానెల్ దాటి ఫ్రాన్సు చేరింది. అక్కడి అధికారులకు హాస్యం తక్కువ. 1912లో పారిస్‌లో మకౌరాను అరెస్టు చేశారు. మోసం, చదువు లేని వైద్యం కింద 1914లో జైలుశిక్ష పడింది. యంత్రం మీద మాత్రం ఎవరూ కేసు పెట్టలేదు. అది అదురుతానంది, అదిరింది. తక్కినవన్నీ యజమాని మాటలు.

లండన్ బజారులో దీనికి పోటీగా ‘వీడీ’ అనే మరో చేతియంత్రం ఉండేది. జర్మనీలో తయారై వచ్చేది. కాడ మరీ బరువు కాదు, ఒంట్లో చోటును బట్టి మార్చుకునే రబ్బరు మూతులూ బిళ్లలూ పెట్టెలో వచ్చేవి. పెట్టె మీద రాతలు మకౌరాతో పోలిస్తే అణకువగలవి: జలుబు, అజీర్తి, కడుపులో గాలి. ఈ మూడూ యంత్రం కొన్నా కొనకపోయినా వారం లోపల తగ్గేవే. కాబట్టి వాపసు చేయమని వచ్చే ఖాతాదారు అరుదు. రోగాల ఎంపికలో ఈ కంపెనీది మకౌరా కన్నా పైచేయి.

అసలు అదిరింపు వల్ల ఏమైనా ప్రయోజనం ఉందా అంటే, ఉంది, కొద్దిగా. తగిలిన చోట రుద్దుకుంటే నొప్పి కాసేపు తగ్గుతుందని దెబ్బ తగిలిన ప్రతి పిల్లాడికీ తెలుసు. ఎందుకు తగ్గుతుందో 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం చెప్పారు. స్పర్శను మోసుకెళ్లే లావు నరాలు చురుకైతే, వెన్నుపాములో నొప్పి కబురు దాటే గేటు కొంత మూసుకుంటుంది. బిళ్ల అదిరినంతసేపూ గేటు దగ్గర రద్దీ ఉంటుంది, నొప్పి వెనకబడుతుంది. బిళ్ల ఆగాక గేటు మళ్లీ తెరుచుకుంటుంది. తిప్పే చెయ్యి ఎంతసేపు ఓపిక పడితే అంతసేపు ఉపశమనం. చెవుడు, పక్షవాతం ఈ దారిన పోవు.

ఈ యంత్రాలకు ఆ తరవాత ఇంకో రకం పేరొచ్చింది. విక్టోరియా కాలం వైద్యులు హిస్టీరియా అని పేరుపెట్టి స్త్రీలకు ఏకాంతంగా ఈ యంత్రాలతో చికిత్స చేసేవారని 1999లో రేచెల్ మైన్స్ అనే చరిత్రకారిణి పుస్తకం రాసింది. ఆ కథ జనానికి విపరీతంగా నచ్చింది. నాటకాలొచ్చాయి, 2011లో గ్రాన్‌విల్‌ను కథానాయకుణ్ణి చేసి సినిమా కూడా వచ్చింది. పాపం గ్రాన్‌విల్ తన పుస్తకంలో స్త్రీలకు ఈ వైద్యం చేయలేదనీ, చేయబోననీ, హిస్టీరియా మాయలో పడి మోసపోవడం తనకిష్టం లేదనీ స్పష్టంగా రాసిపెట్టాడు. 2018లో ఇద్దరు పరిశోధకులు మైన్స్ చూపిన ఆధారాలన్నీ తిరగేసి, వైద్యుల చికిత్స కథకు వాటిలో ఎక్కడా ఊతం లేదని తేల్చారు. ఇళ్లలో ఎవరు దేనికి వాడుకున్నారన్నది వేరే సంగతి, అది యంత్రం చెప్పదు. అయినా కథ సభ్యంగా ఉన్న నిజం కన్నా వేగంగా నడుస్తుంది. ఒకే కాలం నాటి ఒకే రకం యంత్రాలు లండన్‌లో వైద్య చరిత్ర భాండాగారంలోనూ, శాన్‌ఫ్రాన్సిస్కోలో శృంగార సామగ్రి దుకాణం వారి మ్యూజియంలోనూ ఉన్నాయి. చీటీలు వేరు, చక్రాలు ఒకటే.

పల్సోకాన్‌ను చంపింది కోర్టు కాదు, గోడమీది ప్లగ్గు. కరెంటు ఇళ్లలోకి వచ్చేకొద్దీ మోటారు మర్దన యంత్రాలు వచ్చాయి, పిడి పోయింది. రోగాల జాబితా మాత్రం కొత్త పెట్టెల మీదికి చెక్కుచెదరకుండా మారింది. దాన్ని కత్తిరించడానికి చట్టాలు రావలసి వచ్చింది. అమెరికాలో ఇలాంటి వైద్య పరికరాలు 1938లో ఆహార, ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. భారతదేశంలో 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం కొన్ని రోగాల పేర్లు వరసగా రాసి, వీటిని నయం చేస్తామని ప్రకటించడం నేరమంది. అందులో మందు అంటే మాత్ర, తైలం మాత్రమే కాదు. ఒంటి నిర్మాణాన్నో పనితీరునో మార్చడానికి ఉద్దేశించిన వస్తువు ఏదైనా, తిండి తప్ప, దాని కిందికే వస్తుంది. మకౌరా చేతిమర అచ్చంగా ఆ నిర్వచనంలో ఇముడుతుంది. అతని చెవుడు, పక్షవాతం, కీళ్లవాతం మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. వీడీ కంపెనీ వారి జలుబూ, కడుపులో గాలీ మాత్రం లేవు.