దేవుడికి అప్లికేషన్ పెట్టని రోజులు

ఒరేయ్ అబ్బాయ్, ఆ ఇయర్‌బడ్స్ కాసేపు తీసి జేబులో పెట్టుకో. నీతో మాట్లాడాలి. లింగంపల్లి స్టేషన్లో పొద్దున్నే ఎంఎంటీఎస్ కోసం నిలబడే నీ ఈడు పిల్లల్ని వాకింగ్‌కు పోయినప్పుడల్లా చూస్తుంటాను. మెడలో ఐడీ కార్డు, వీపున లాప్‌టాప్ సంచి, నేను ఏడాదంతా పనిచేసి తెచ్చుకున్నంత డబ్బు నెలకే చేతిలో పడుతుంది. అయినా ఒక్క ముఖంలోనూ కళ ఉండదు. పలకరిస్తే "నిద్ర సరిగ్గా పట్టట్లేదు అంకుల్" అంటారు. ఇరవై ఆరేళ్లకు నిద్ర పట్టకపోవడమేమిట్రా! మా రోజుల్లో ఆ వయసువాణ్ని నిద్రలేపడానికి ఇంటిల్లిపాదీ తంటాలు పడేవారు.

మేమిక్కడికి వచ్చేనాటికి సెంట్రల్ యూనివర్సిటీ కూడా లేదు. అది 1974లో వచ్చింది. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ ఫ్యాక్టరీ, దాని టౌన్‌షిప్పు, ఇటు లింగంపల్లి స్టేషను, మధ్యలో బండరాళ్లూ సీతాఫలం పొదలూ. ఇవాళ నల్లగండ్లలో, తెల్లాపూర్‌లో ముప్పై అంతస్తులు లేచిన చోట అప్పుడు రాత్రయితే మనిషి అలికిడి ఉండేది కాదు. మా బాపు మెదక్ జిల్లాలో ఉన్న కాస్త చెలకను పాలుకిచ్చి, అమ్మను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీవాళ్లు నాకిచ్చిన క్వార్టర్‌కు వచ్చేశాడు. అమ్మ తెచ్చుకున్నవి ఒక ఇత్తడి దీపపు కుంది, రాముడి పటం, డబ్బాలో తులసి మొక్క. నాకు ఫస్ట్ షిఫ్టు ఉన్నా, నేను నైట్ షిఫ్టు దిగి వచ్చినా ఆమె వేళ మారేది కాదు. చీకటితో లేచి వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, నాలుగు చుక్కల ముగ్గేసి, స్నానం చేసి దీపం ముట్టించేది. పక్క క్వార్టర్ రేడియోలో భక్తిరంజని వస్తుండేది. మాకు వేరే రేడియో అక్కరలేకపోయింది, గోడలు అంత పల్చన.

ఇదంతా అందరి ఇళ్లలో ఉన్నదే కదా తాతా అంటావు. ఉన్నదే. దీపం ముట్టించాక ఏం చేసేదో అది విను. రాముడితో కొట్లాడేది. దండం పెట్టుకుని, పైకే, ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకున్నట్టే. "ఏందయ్యా రామయ్యా, ఊర్ల వాన లేకపాయె. పాలుకు జేసేటోడు ఏం దింటడు? నీకు పట్టదా?" అని నిలదీసేది. చెల్లెలి కాన్పు, బాపు దగ్గు, నా ఓవర్‌టైము, ఎదురింటామెతో వచ్చిన మాటపట్టింపు, అన్నీ ఆయనకే. అయ్యాక పటానికి పూవు సర్ది, లేచిపోయి పొయ్యి దగ్గర కూర్చునేది. అప్పుడు ఆమె ముఖం తేటగా ఉండేది. వాన కురిసిందా లేదా అని మర్నాడు రాముణ్ని లెక్క అడిగేది కాదు. మర్నాటికి వేరే ముచ్చట ఉండేది.

బాపుది ఇంకో దారి. రామకోటి రాసేవాడు. నువ్వు పేరు విని ఉంటావు, రాసేవాణ్ని చూసి ఉండవు. గళ్ల పుస్తకంలో గడికో నామం. కోటి అంటే ఎంతనుకున్నావు? రోజుకు 1,000 చొప్పున, ఒక్కరోజూ తప్పకుండా రాస్తే 27 ఏళ్లు దాటుతుంది. బాపుకు చెయ్యి వణికేది, వెయ్యి ఎక్కడ రాస్తాడు? కోటి నిండదని ఆయనకూ తెలుసు. ఆ సంగతి ఆయన్ని రవ్వంత కూడా బాధపెట్టలేదు. నిండిన పుస్తకాలు భద్రాచలం పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. ఆయన పోయేనాటికి ఒక పుస్తకం సగంలో ఉంది. హార్వర్డ్‌లో హెర్బర్ట్ బెన్సన్ అనే డాక్టరు 1975లో ఒక పుస్తకం వేశాడట. ఒక మాటనో నామాన్నో పదే పదే అనుకుంటూ, మధ్యలో వచ్చే ఆలోచనల్ని పట్టించుకోకుండా కూర్చుంటే గుండె వేగం తగ్గుతుందని, ఊపిరి నెమ్మదిస్తుందని అందులో రాశాడట. మంచిదే. మా బాపు ఆ గళ్ల పుస్తకం మీద వంగినప్పుడు దగ్గు కూడా తెరిపినిచ్చేదని అమ్మ అప్పటికే చెప్పేది.

ఇప్పుడు మా మనవడు ఫోన్లో ధ్యానం చేస్తాడు. గంట కొట్టేది ఫోను, ఊపిరి పీల్చమనేది ఫోను, శభాష్ అనేదీ ఫోనే. ఒక్కరోజు తప్పితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలట! మొన్న ఆఫీసులో ఏదో రిలీజ్ ఉండి ఒక రాత్రి తప్పిపోయిందని వాడు ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. మనశ్శాంతి కోసం పెట్టుకున్నది ఉన్న మనశ్శాంతిని పట్టుకుపోయింది. అమ్మ టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు దీపం నేనే పెట్టాను, అదీ డ్యూటీ నుంచి వచ్చాక, ఏ వేళకో. ఆమె లేచి కూర్చున్న రోజు రాముడు ఏ లెక్కా చెరిపేయలేదు. ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే కొట్లాట మొదలుపెట్టింది. అయితే ఉన్నమాట చెప్పాలి. మనవడు ఆ ఫోను పెట్టుకుని కళ్లు మూసుకున్నంతసేపూ బిగుసుకున్న వాడి భుజాలు కిందికి దిగుతాయి. నేను తలుపు సందులోంచి చూశాను. దాన్ని కాదనను.

అసలు నా కోపం ఎక్కడంటే, మీరు దేవుడి దగ్గరికి పనిబడితేనే పోతారు. గండిపేట దాటాక చిలుకూరు ఉంది కదా, మాకు తెలిసి అది చిన్న గుడి. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ కాలం నుంచే అమెరికా పోయే పిల్లలు అక్కడికి వరస కట్టారు, స్వామికి వీసా బాలాజీ అని పేరు పడింది. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. గుడిని నేను ఒక్క మాట అనను. హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. ఇంత డబ్బు తిరిగే ఊరి పక్కన అలా నిలబడటం మాటలు కాదు. నా గొడవ తిరిగేవాళ్లతో. చేతిలో అంకెల కార్డు, వేలి సందులో పెన్ను, పరుగు. వీసా వచ్చిందా, కరెంటు బిల్లు కట్టినట్టు 108 కట్టేసి, మళ్లీ గ్రీన్‌కార్డు దాకా కనబడరు. మా రోజుల్లో మొక్కులు లేవా అంటావేమో. ఎందుకు లేవు? వేములవాడలో కోడె కట్టలేదా, పిల్లల తలనీలాలు ఇవ్వలేదా? కానీ అవి ఏడాదికోసారో రెండేళ్లకోసారో. మిగతా రోజులన్నీ ఏమీ అడగని రోజులు. దీపం పెట్టి, నాలుగు మాటలు చెప్పుకుని లేచిపోయే రోజులు. మనిషిని నిలబెట్టేవి అవేరా. మీ దగ్గర లేనివీ అవే.

ఆదివారం గోల్కొండ పోతారుగా. రామదాసు చెర దగ్గర ఫోటో దిగుతారు, కిందికి వచ్చి ఐస్‌క్రీం తింటారు. ఒక్క నిమిషం అక్కడ నిలబడి ఆలోచించారా? కంచర్ల గోపన్న తహసీల్దారు. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు, సర్కారు సొమ్ము దానికి వాడాడని తానీషా కొలువు జైల్లో వేసింది. పన్నెండేళ్లని చెప్పుకుంటారు. ఆ గదిలో ఆయన రాముణ్ని పొగుడుతూ మాత్రమే కూర్చోలేదు. నగానట్రా ఏది ఎవరికి చేయించాడో, దేనికెంత ఖర్చయిందో లెక్క చెప్పి మరీ తిట్టాడు. తిట్టి, మళ్లీ కాళ్లు పట్టుకున్నాడు. గోడ మీద ఆయన చెక్కాడని చెప్పే బొమ్మలు ఇప్పటికీ చూపిస్తారు. ఆ మనిషి ఆ చీకట్లో సంతోషంగా ఉన్నాడని నేననను. పిచ్చివాడు కాకుండా ఉన్నాడు. పొద్దున లేస్తే కొట్లాడటానికి ఒకడున్నాడు కాబట్టి ఉన్నాడు. మీ మేనేజరు తిట్టిన రోజు నువ్వు ఎవరితో కొట్లాడతావు చెప్పు?

సైకాలజీ చదివే మనవరాలు నాతో వాదనకు దిగింది. చైయూన్ లిమ్, రాబర్ట్ పుట్నం అని ఇద్దరు 2010లో అమెరికాలో పరిశోధన చేసి తేల్చారట. చర్చికి పోయేవాళ్లలో తృప్తి ఎక్కువగా కనబడేది అక్కడ స్నేహితులు ఉన్నవాళ్లకేనట. ఒంటరిగా చేసుకునే ప్రార్థన విడిగా పెద్ద తేడా చూపించలేదట. మొదటి సగం నిజం. టౌన్‌షిప్పులో మా శనివారం భజన అట్లాంటిదే. మలయాళీలు, తమిళులు, బెంగాలీలు, మా మెదక్ వాళ్లు, ఎవరికీ ఎదుటివాడి పాట పూర్తిగా అర్థమయ్యేది కాదు, అందరూ తాళాలు కొట్టేవారు. ఒకడు రెండు వారాలు రాకపోతే మూడో వారం నలుగురం వాళ్లింటికి పోయి చూసేవాళ్లం. అట్లా పోయి ఒకాయన్ని అప్పుల ఊబిలోంచి బయటికి లాగాం. నా పక్క మెషీన్ మీద పనిచేసే మిత్రుడు నమాజుకు పోతే ఆ కాసేపు వాడి మెషీన్ నేను చూసుకునేవాణ్ని. శనివారం నేను ఒక్కపొద్దుంటే నా ముందు టిఫిన్ డబ్బా విప్పేవాడు కాదు, బయటికి పోయి తినేవాడు. ఎవడి దేవుడు వాడికి ఉండటం వల్ల మాకు ఒకరి వేళలు ఒకరికి తెలిసేవి. ఇప్పుడు ఒకే అంతస్తులో ఉన్నవాళ్లకు ఒకరి పేర్లు ఒకరికి తెలియవు. పరిశోధనలో రెండో సగాన్ని మాత్రం నేను ఒప్పుకోను. పొయ్యి ముట్టించే ముందు అమ్మ ముఖం నేను కళ్లారా చూసినవాణ్ని, ఆ వేళ ఆమె పక్కన ఏ స్నేహితురాలూ లేదు.

నేను చెప్పేది వింటే మా కాలం స్వర్గమనిపిస్తుంది. కాదు. రాముడితో అంత చనువున్న మా అమ్మే, మా ఊరి గుడి గడప అవతల నిలబెట్టేసిన మనుషుల గురించి రాముణ్ని ఎన్నడూ నిలదీయలేదు. మేమెవరమూ నిలదీయలేదు. చిలుకూరు అర్చకులు సి.ఎస్. రంగరాజన్ 2018 ఏప్రిల్‌లో జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత భక్తుణ్ని తన భుజాల మీద ఎత్తుకుని తీసుకుపోయారు. వెనకటికి లోకసారంగముని తిరుప్పాణాళ్వారును మోసుకుపోయిన కథ ఉంది కదా, దాన్ని మళ్లీ చేసి చూపించారు. ఆ వార్త టీవీలో చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. మా రోజుల్లో అది మా ఊళ్లో జరగనిచ్చేవాళ్లు కాదు. ఈ ఒక్క సంగతిలో మీ కాలమే మేలు, ఒప్పుకుంటాను.

మిగతా వాటిలో కాదు. వినాయకుడి లడ్డూ సంగతే తీసుకో. బాలాపూర్‌లో 1994లో వేలంలో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు పోయింది. ఆ డబ్బు ఊరి పనులకు వాడతారని చెబుతారు, వాడనీ. కానీ మా రోజుల్లో ప్రసాదం చేతిలో పడితే తినేవాళ్లం, ధర అడిగేవాళ్లం కాదు. ఇక మౌనం కోసం సెలవు పెడతారు మీరు. నాగార్జునసాగర్ రోడ్డులో విపశ్యన కేంద్రం 1976 నుంచి ఉంది. పది రోజులు మాట్లాడకుండా కూర్చోబెడతారు, ఫీజు అడగరు, మంచి చోటు. పోయి రా. కానీ పదకొండో రోజు పొద్దున ఏం చేస్తావు? మా మనవడి స్నేహితుడు పోయి వచ్చాడు, ఎంత బాగుందో వారం రోజులు చెప్పాడు, ఆ తర్వాత మళ్లీ రెండింటి దాకా ఫోను. వాడి కొత్త ఫ్లాట్ చూశాను. కారుకు రెండు పార్కింగులు, వంటింటి అలమరలో మిక్సీ పక్కన దేవుడు. అగరుబత్తి వెలిగిస్తే పొగకు అలారం మోగుతుందని బ్యాటరీ దీపం పెట్టాడు. ఆరదు, నూనె పోయక్కరలేదు, దాని వంక చూడనూ అక్కరలేదు. అమ్మ అయితే ఆ దీపాన్ని చూసి రాముడికి చాలా పెద్ద కంప్లయింటు పెట్టేది.

సరే, నీ రైలు వచ్చేస్తోంది. మా పాత బ్యాచ్ శనివారం భజన ఇంకా నడుస్తోంది. అందరం డెబ్భై దాటాం. డోలక్ ఆయనకు చెయ్యి లేవడం లేదు, హార్మోనియం ఉంది గానీ వాయించేవాడు కొడుకు దగ్గరికి డల్లాస్ పోయాడు. నీకు పాట రాకపోయినా ఇబ్బంది లేదు, తాళాలు కొట్టడం పది నిమిషాల్లో వస్తుంది. ఏమీ కోరుకోవద్దు, ఊరికే రా. సాయంత్రం ఏడింటికి. ఫోను సైలెంటులో పెట్టడం కాదు, ఇంట్లోనే వదిలేసి రా. పులిహోర మా ఆవిడ చేస్తుంది, ఎనిమిది దాటితే మిగలదు.