ఇసుకలో కేకు, సవరంతో సత్యభామ

మా అమ్మ దగ్గర డబ్బు మూడు రకాలు. ఖర్చయిన డబ్బు, మిగిలిన డబ్బు, మిగల్చడానికి ఖర్చుపెట్టిన డబ్బు. మొదటి రెండింటి లెక్కా ఆవిడ పాత క్యాలెండర్ కాగితాల వెనక పెన్సిలుతో రాసుకునేది. మూడోదాని లెక్క ఎవరూ రాయలేదు. నాన్నకి తెలుసుగానీ ఆయన అలాంటి విషయాల్లో నోరు తెరిచే మనిషి కాదు. అందుకని నలభై ఏళ్లు ఆలస్యమైనా నేనే రాస్తున్నాను.

మాది పామర్రు. ఇటు బస్సెక్కితే ఉయ్యూరు మీదుగా బెజవాడ, అటెక్కితే బందరు, ఇంకోవైపు గుడివాడ, మరోవైపు కూచిపూడి, చల్లపల్లి. సెంటర్లో నిలబడితే చాలు, ఏం కావాలన్నా ఏదో ఒక బస్సు మోసుకొస్తుంది. బందరు నుంచి లడ్డూ, హల్వా, దాని పక్కనే ఉన్న చిలకలపూడి నుంచి గిల్టు నగలు, బెజవాడ నుంచి తక్కినవన్నీ. ఇన్ని సౌకర్యాలున్న ఊళ్లో ఏదీ కొనకుండా సంసారం చెయ్యడం ఎంత కష్టమో మా అమ్మనడగాలి.

అది 1984. నేను ఆరో తరగతి, చెల్లి రెండు. ఆగస్టు 16న ముఖ్యమంత్రి రామారావుగారి పదవి ఊడింది, సెప్టెంబరు 16న తిరిగొచ్చింది. ఆయన పుట్టిన నిమ్మకూరు మా పక్కనే కాబట్టి ఆ నెల రోజులూ మా ఊళ్లో పొలం సంగతి పలకరించినవాడు లేడు. ఆ వేడి చల్లారకముందే బళ్లో దసరా సెలవులకి ముందు విచిత్ర వేషధారణ పోటీలు పెట్టారు. క్లాసులో సగంమంది ఆయనలా ఖాకీ బట్టలేసుకుని చైతన్యరథం ఎక్కుతామన్నారు. మిగతా సగం కృష్ణుడన్నారు. సినిమాల్లో ఆ కృష్ణుడు కూడా రామారావుగారేననుకోండి.

నేనూ కృష్ణుడే కావాలన్నాను. డ్రామా డ్రెస్సులు అద్దెకిచ్చేవాళ్లు కిరీటం, భుజకీర్తులు, పిల్లనగ్రోవి కలిపి పదిహేను రూపాయలు చెప్పారు.

“పదిహేనా? ఆ డబ్బుకి ద్వారక కట్టించొచ్చు. ఇంట్లోనే చేసేద్దాం” అంది అమ్మ.

మా ఇంట్లో “ఇంట్లోనే చేసేద్దాం” అన్న మాట వినబడితే నాన్న పేపరు మడిచి జేబు తడుముకునేవారు.

కిరీటానికి అట్ట దొరికింది. జిగురుకి మైదా ఉడకబెడితే సరి. తళతళలాడే కాగితమే సమస్య. సిగరెట్ పెట్టెల్లో ఉంటుంది, కానీ నాన్నకి సిగరెట్ అలవాటు లేదు. “ఏ ఒక్కటీ ఉపయోగపడే అలవాటు లేదు మీ నాన్నకి” అని విసుక్కుని, అమ్మ నన్ను కిళ్లీకొట్టు మీదికి తోలింది. సాయంత్రంపూట కొట్టు చుట్టూ తిరుగుతూ ఖాళీ పెట్టెలు ఏరుకునేవాణ్ని. నాలుగో రోజు మా లెక్కల మేష్టారు సెంటర్లో నాన్నని ఆపి, గొంతు తగ్గించి, “మీ అబ్బాయిని కాస్త కనిపెట్టి ఉండండి” అన్నారు. ఆయన్ని హోటల్లో కూర్చోబెట్టి, ఇడ్లీ, కాఫీ ఇప్పించి, కిరీటం కథంతా చెప్పి నా పరువు నిలబెట్టేసరికి నాన్నకి మూడు రూపాయలైంది. మూడో రకం డబ్బులో అది తొలి పద్దు.

జిగురుకి కావలసింది గుప్పెడు మైదా. అమ్మ కొన్నది కిలో. కిలో అయితే చవగ్గా వస్తుంది కదా. మిగిలిన మైదా పురుగు పడుతుందేమోనని ఆవిడకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి ఏదో వారపత్రిక వంటల పేజీలో “ఓవెన్ లేకుండా కేకు” కనిపించింది. మా ఇంట్లో కేకు పుట్టింది ఎవరి పుట్టినరోజుకీ కాదు, కిరీటం జిగురు మిగిలినందుకు.

కుక్కర్లో ఇసుక పోసి, ఆ ఇసుక మీద గిన్నె పెట్టి, మూతకున్న గ్యాస్కెట్టూ వెయిటూ తీసేసి సన్నసెగ మీద ఉంచాలిట. ఎదురింటివాళ్లు ఇల్లు కడుతూ వీధిలో కృష్ణ ఇసుక పోయించారు. చెల్లీ నేనూ బకెట్టుడు తెచ్చాం. అమ్మ దాన్ని జల్లించి, మూడు నీళ్లు కడిగి, దాబా మీద ఎండబెట్టింది. బియ్యం కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ కడగలేదు. గుడ్ల దగ్గర కాస్త ఆగింది. పెరట్లో కోళ్లున్నాయి, గుడ్లున్నాయి. “అమ్మితే డబ్బు, కేకులో కొడితే ఏముంది?” అని పెరుగూ వంటసోడా వేసింది. వెన్న బదులు మీగడ. పంచదార బదులు బెల్లం.

కిరసనాయిలు స్టవ్ మీద రెండున్నర గంటలు కాలింది. రేషన్లో ఇచ్చిన కిరసనాయిల్లో సగం దానికే అయిపోయింది. పైన బీటలు, కింద బొగ్గు, మధ్యలో మాత్రం, న్యాయంగా చెప్పాలంటే, బాగానే ఉంది. నాన్న ఒక ముక్క నోట్లో వేసుకుని కాసేపు నమిలి, “జీడిపప్పు కూడా వేశావే!” అన్నారు.

“వెయ్యలేదండీ” అంది అమ్మ.

నాన్న నమలడం ఆపేశారు.

నాయనమ్మ వసారాలోంచే తీర్పు చెప్పింది: “ఏముందమ్మాయ్ ఇందులో? దిబ్బరొట్టేగా. తీపి పోసి పాడు చేశావు.”

ఆవిడ అన్నదాంట్లో నిజముంది. ఒక వంతు మినప్పప్పుకి రెండు వంతుల బియ్యపురవ్వ కలిపి, గట్టిపిండి మందపాటి మూకుట్లో జానెడు వెడల్పున పరిచి, కింద కుంపటి, పైన మూత మీద నిప్పులు పెడితే రెండువైపుల సెగకీ పొంగి, అంచులు ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా ఉడుకుతుంది దిబ్బరొట్టె. మూత మీద నిప్పులు పెట్టాలని మన ముసలమ్మలకి ఎవరు చెప్పారో! ఓవెన్ చేసే పనీ అదే, పైనా కిందా సెగ. నాయనమ్మ ఆ రొట్టె చేస్తే ఇల్లంతా వాసన, తోడుగా బెల్లం పానకం, మర్నాటికి ముక్క మిగలదు. అమ్మ కేకు మాత్రం వారం రోజులుంది. అందులో పొదుపు ఉందని అమ్మ అభిప్రాయం.

పోటీకి ముందురోజు రాత్రి ఎలుక కిరీటం తినేసింది. జిగురులో మైలుతుత్తం కలిపితే పురుగూ ఎలుకా ముట్టవు, కానీ పిల్లల నెత్తిన పెట్టేది కదా అని అమ్మ కలపలేదు. ఉత్త మైదా. ఎలుక కేకు వైపు కన్నెత్తి చూడకుండా కిరీటం ఎడమపక్కంతా కొరుక్కుతింది. ఈ విషయం అమ్మ దగ్గర ఇప్పటికీ ఎవరం ఎత్తం.

నేను ఏడుపు లంకించుకున్నాను. అమ్మ ఒక్క నిమిషం ఆలోచించింది.

“ఒరేయ్, కిరీటం లేని వేషం వేద్దాం. సత్యభామ.”

నేను ఇంకాస్త గట్టిగా ఏడ్చాను.

“కూచిపూడి అరగంట దూరంలో పెట్టుకుని ఏడుస్తావేరా? అక్కడ మగాళ్లు కడితేనే సత్యభామ!” అంది. ఆ మాట కొట్టిపారెయ్యడానికి లేదు. సిద్ధేంద్రయోగి భామాకలాపం నేర్పినప్పటినుంచీ ఆ ఊరి భాగవతుల కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జన్మకోసారైనా సత్యభామ కట్టాలని కట్టుబాటు. వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వేషంతోనే దేశమంతా పేరు తెచ్చుకుని పద్మశ్రీ అందుకున్నారు. నాన్న కూడా ఓదార్చబోయి, “మన రామారావుగారే బెజవాడ ఎస్సారార్ కాలేజీలో ఆడవేషం వేశారురా. మీసం తియ్యనంటే అందరూ మీసాల నాగమ్మ అన్నారు. నీకు ఆ మీసం బాధ కూడా లేదు” అన్నారు.

వేషాల్లో అమ్మకి ఒక సిద్ధాంతముంది. బందరులో దసరాకి శక్తిపటాలు కట్టి, కాళి ముఖం పెట్టుకుని డప్పులకి ఊగుతూ వస్తారే, అది భారీ వ్యవహారం, పెట్టుబడి ఎక్కువ. బెజవాడ కొండ మీద దుర్గమ్మకి రోజుకో అలంకారం, అది దేవస్థానం ఖర్చు, మన మాట కాదు. ఆవిడ మెచ్చింది పగటివేషగాళ్ల అర్ధనారీశ్వరుణ్ని. మధ్యలో తెర అడ్డంపెట్టి ఇటు తిప్పితే శివుడు, అటు తిప్పితే పార్వతి. “ఒక్క మనిషి కూలితో ఇద్దరు దేవుళ్లు” అని మురిసిపోయేది.

సరే, నాకు నాయనమ్మ సవరం, ఎవరి పెళ్లిలోనో మిగిలిన చిలకలపూడి గిల్టు సెట్టు, జడ పైన పడగలా నిలబడే నాగరం, పక్కింటి పిన్నిగారి పట్టుచీర. మిగిలిన కిరీటం చెల్లి నెత్తిన పెట్టి, ఎలుక కొరికినచోట నెమలీకలు గుచ్చి, నాన్న దాని ఒంటికి పౌడర్లో నీలిమందు కలిపి పూశారు. చెల్లి కృష్ణుడు, నేను సత్యభామ. ఖర్చు సున్నా. అమ్మ క్యాలెండర్ వెనక ఆ సున్నాకి కింద రెండు గీతలు కొట్టింది.

భామాకలాపంలో సత్యభామ ముందు మొహం చూపించదు. తెర వెనకనుంచి జడ తీసి తెరమీదుగా వేస్తుంది. నన్ను మించినవాళ్లెవరైనా ఉంటే రండి అని సభకి సవాలు. బళ్లో ఇద్దరు పిల్లలు దుప్పటి పట్టుకున్నారు. ముందు పద్నాలుగు మంది ఖాకీ రామారావులు చెయ్యూపుకుంటూ వెళ్లిపోయారు. నా వంతు వచ్చింది. సవాలు గట్టిగా ఉండాలని అమ్మ చెప్పింది కదా, బలంగా విసిరాను. సవరం ఊడి, నాగరంతో సహా గాల్లో లేచి ముఖ్య అతిథి ఒళ్లో పడింది. ఆయన పంచె ఎగదీసి కుర్చీ ఎక్కి “పామూ!” అని కేకేశారు. ఊరి పేరులోనే ఉంది కాబట్టి ఎవరూ అనుమానించలేదు. ముందువరస ఖాళీ. హడావుడిలో దుప్పటి పట్టుకున్నవాళ్లు పారిపోయారు, వాళ్ల కాళ్లకి చుట్టుకుని చీర చెరగు సర్రున చిరిగింది. పొట్టిజుట్టుతో, గిల్టు నగలతో సత్యభామ ఒక్కతే వేదిక మీద మిగిలింది.

చెల్లికి మొదటి బహుమతి వచ్చింది. ఎలుక కొరికిన కిరీటానికి! నాకు హాస్య విభాగంలో స్టీలు గ్లాసు ఇచ్చారు. అమ్మ దాన్ని ఆదాయం కింద రాసుకుంది.

మూడో రకం పద్దు ఇదీ: మేష్టారి ఇడ్లీ, కాఫీ మూడు రూపాయలు. అడుగు కాలి ఉబ్బిన కుక్కరు గుడివాడలో బాగుచేయించడానికి ముప్ఫై. బ్లాకులో కొన్న కిరసనాయిలు పన్నెండు. చెల్లి ఒంటి నీలం వదలడానికి మూడు సబ్బులు, అయినా దసరా ఫోటోలో అది కాస్త నీలంగానే ఉంది. పిన్నిగారు చిరిగిన చీర చూసి “ఫర్వాలేదులే అక్కయ్యా” అన్నారు. ఆవిడ ఫర్వాలేదు అన్నందుకు దీపావళికి కొత్త పట్టుచీర పెట్టాల్సి వచ్చింది. దాని ధర నాన్న ఎవరికీ చెప్పలేదు. ఇదంతా పదిహేను రూపాయల అద్దె మిగల్చడానికి.

ఇప్పుడు అమ్మ డల్లాస్‌లో చెల్లి దగ్గరుంది. అక్టోబరు 31న అక్కడ పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడుగుతారు. అమ్మకి అందులో వింతేం కనబడలేదు. “మా చిన్నప్పుడు దసరాకి అయ్యవారు మమ్మల్ని విల్లంబులిచ్చి ఇంటింటికీ తిప్పేవారు కదా. పిల్లలకి పప్పుబెల్లాలు, ఆయనకి దక్షిణ. ఇక్కడ అయ్యవారు లేరు, అంతే” అంది ఫోన్లో. మనవలకి అమెజాన్ అట్టపెట్టెలతో కిరీటాలు మొదలుపెట్టేసింది. అక్కడ అట్టకి కొదవ లేదు, అమ్మ సంతోషానికి హద్దు లేదు.

ఇంట్లో గోడంత ఓవెనుందిట. చెల్లి అందులో మూకుళ్లు, పెనాలు దాచుకుంటుంది. కేకు కోసం అవన్నీ తీసి సర్దడం కన్నా కుక్కర్లో ఇసుక పోస్తే తేలికని అమ్మ వాదన. అక్కడి ఇసుక నచ్చలేదు, మరీ తెల్లగా ఉందిట. ఇక్కడిది పంపమంది. మట్టి అంటే అమెరికా కస్టమ్స్‌వాళ్లు ఒప్పుకోరమ్మా అని చెప్పి చూశాను. “వేయించిన ఇసుకకి ఏం రోగంరా?” అంది.

రెండు కిలోలు జల్లించి, కడిగి, వేయించి, సంచిలో కట్టి ఉంచాను. ఈ నెలలో డల్లాస్ వెళ్లేవాళ్లెవరైనా ఉంటే పామర్రు సెంటర్లో దిగి, సత్యభామ ఇల్లెక్కడని అడగండి. చూపిస్తారు.