పూర్తి స్పృహతో రాయునది ఏమనగా

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి ఫైళ్ళు కాలిపోయాయి. తెల్లారి టీ అంగట్లో ఆ మాట విన్నాను. సర్కారు కాగితాల గతే అట్లుంటే నా కాగితాల గతేమిటని పరుగున ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తెరిచాను. పుంగనూరు భూమి పాసుపుస్తకం, మదనపల్లె ఇంటి పత్రం, కుప్పం సైటు పత్రం, అడుగున మా పెండ్లి శుభలేఖలు ఒక కట్ట. అన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే జమీందారునైనట్టు అనిపించింది. పుంగనూరు జమీను ఎప్పుడో పోయింది గాని, ఆ నీళ్ళు తాగి పెరిగినవాడికి ఆ పొగరు కొంచెమైనా అంటదా? వీలునామా రాయాలని అప్పటికప్పుడే నిర్ణయించుకున్నాను.

"శుభమా అని కాఫీ తాగే టయానికి ఆ మాటేంది?" అంది మా ఆవిడ. "మీరు పోయినాక మేం చూసుకుంటాంలే."

ఆ 'చూసుకుంటాంలే' నాకు నచ్చలేదు.

రిటైరైన తెలుగు అయ్యవారికి తీరిక, పెన్ను రెండూ చేతికొస్తే ఏమవుతుందో అదే అయింది. పద్నాలుగు పేజీలు రాశాను. కొడుకు ప్రతి సంక్రాంతికీ మదనపల్లె రావాలి. రాని ఏడు వాడి భాగంలో కోత. కూతురు నా పుస్తకాలను తూకానికి వేయరాదు. అల్లుడు నా స్కూటరు తీసుకోవచ్చు గాని అమ్ముకోరాదు. సాపు రాయడానికి వంద రూపాయల స్టాంపు పేపర్లు పద్నాలుగు కొన్నాను. అమ్మినాయన ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు. అడిగి ఉంటే పద్నాలుగు వందలు మిగిలేవి.

లాయరమ్మ నా పాత శిష్యురాలు. తొమ్మిదో తరగతిలో సంధులు విడదీయమంటే పదాలను ముక్కలు ముక్కలు చేసేది, నేను వరసగా సున్నాలు వేసేవాణ్ణి. ఇప్పుడామె నా పద్నాలుగు పేజీలూ తిరగేసి, ఎర్రపెన్ను మూత తీసింది.

"సార్, వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషను కూడా తప్పనిసరి కాదు, చేయించుకుంటే మంచిది."

సంక్రాంతి షరతు కొట్టేసింది. పుస్తకాలు, స్కూటరు కూడా. "చచ్చిపోయినాక కూడా హాజరు తీసుకుంటారా సార్?" అంది.

సాక్షులు ఇద్దరుండాలంటే, పొద్దున నాతో నడిచే స్నేహితుల పేర్లు గర్వంగా చెప్పాను. వాళ్ళ వయసులడిగింది. ఒకాయనకు డెబ్బై నాలుగు, ఇంకొకాయనకు డెబ్బై ఎనిమిది. "రేపు తగాదా వస్తే మీ సంతకం చూశామని కోర్టులో చెప్పాల్సింది వాళ్ళే సార్. మీకంటే ముందు బయలుదేరేవాళ్ళు సాక్షులుగా పనికిరారు. ఆస్తిలో భాగం లేని కుర్రవాళ్ళను చూడండి." ఆ మాట స్నేహితులకు మోసింది ఎవరో తెలియదు. వారం రోజులు నేనొక్కణ్ణే నడిచాను.

తర్వాత మా ఆవిడవైపు తిరిగి, "అమ్మా, మీరు కొంచెం వరండాలో కూర్చోండి" అంది. లాభపడేవాళ్ళు దగ్గరుండి రాయిస్తే కోర్టుకు అనుమానం వస్తుందట. ఆ అనుమానాలు తీర్చే భారం వీలునామా చూపించేవాళ్ళదేనని 1958లో వెంకటాచల అయ్యంగారు కేసులోనే సుప్రీంకోర్టు చెప్పిందట. మా ఆవిడ లేచి, సరిగ్గా కిటికీ కింద కుర్చీ చూసుకుని కూర్చుంది.

"సార్, అసలు వీలునామా లేకపోతే ఏమవుతుందో తెలుసా? మీ సొంత ఆస్తి నాలుగు సమాన భాగాలు. మేడమ్‌కు ఒకటి, బాబుకు ఒకటి, పాపకు ఒకటి, మీ అమ్మగారికి ఒకటి."

కిటికీలోంచి గొంతు వినపడింది. "అత్తకూ నాకూ సమానమా?"

1956 హిందూ వారసత్వ చట్టం మా ఇంట్లో అంతగా మోగడం అదే మొదలు. మా అమ్మ పుంగనూరులో, మూడడుగులు కూడా లేని తన పుంగనూరు ఆవుతో, హాయిగా ఉండాది. ఆమెకు ఈ చట్టం సంగతే తెలియదు. తెలిస్తే ఆ భాగం ఆవు పేర రాయమంటుంది. ఏమైతేనేం, శుభమా అని అన్న మనిషే ఆ రోజునుంచి "ఇంకా రాయలేదా?" అని రోజూ అడగడం మొదలుపెట్టింది.

ఇక ఆస్తి లెక్క. బ్యాంకు డిపాజిట్లకు కొడుకును నామినీగా పెట్టాను గనక అవి వాడివేననుకున్నాను. నామినీ డబ్బు అందుకునే చెయ్యి మాత్రమేనట, హక్కు వారసులదేనట. 1997లో కుప్పానికి ద్రావిడ విశ్వవిద్యాలయం వస్తే, ధర పెరుగుతుందని మరుసటేడు అక్కడ సైటు కొన్నాను. నా పేర ఉంటే ఎవరికో ఒకరికి హామీ సంతకం పెట్టేస్తానని మా ఆవిడ పేర రిజిస్టరు చేయించాం. "అది మేడమ్ ఆస్తి సార్. మీరు రాయడానికి లేదు." కిటికీ కింద చిన్న దగ్గు వినిపించింది.

మిగిలింది పుంగనూరు మామిడి తోట, మూడెకరాలు. పాసుపుస్తకం ఇంకా తాత పేరనే ఉంది.

"మీ అక్క?" అంది లాయరమ్మ.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. 1985లో రామారావు ప్రభుత్వం ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చినప్పుడు, బళ్ళో పిల్లలచేత దాని గొప్పతనం మీద వ్యాసం రాయించింది నేనే. అంతకుముందే పెండ్లయినవాళ్ళకు ఆ చట్టం వర్తించదు. మా అక్క పెండ్లి 1983లో అయింది. ఆ రెండేళ్ళ తేడా నాకెంత హాయిగా ఉండిందో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. 2005లో కేంద్రం ఆ తేడా ఎత్తేసింది. 2020లో సుప్రీంకోర్టు, తండ్రి 2005కు ముందే పోయినా కూతురి హక్కు పోదంది. ఆ రెండుసార్లూ నేను పేపర్లో క్రీడల పేజీ చదువుకున్నాను. అసలు మా నాన్న వాటాలో అక్కకు పాలు ఉందని 1956 చట్టమే చెప్పింది. అంటే తప్పించుకోవడానికి నాకు ఏ సంవత్సరమూ మిగల్లేదు.

పైగా ఏటా ఆ తోటలో తోతాపురి కాయలు ఒక బుట్ట కుప్పానికి మోసుకుపోయేవాణ్ణి. అక్క భాగం కాయలే అక్కకు కానుకగా ఇచ్చి, కాఫీ తాగి, "మా తమ్ముడు మరిచిపోడు" అనిపించుకుని వచ్చేవాణ్ణి.

ఈసారి పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సెక్కి, దారంతా మాటలు కూర్చుకుంటూ కుప్పం పోయాను. "నీ ప్రేమ ఉంటే చాల్లేరా, భూమి నాకెందుకు" అని అక్క అంటుందని, నేను రెండుసార్లు బతిమాలి, మూడోసారి బరువుగా ఒప్పుకోవాలని నా ఏర్పాటు. కళ్ళు తుడుచుకోవడానికి ఉతికిన తువ్వాలు కూడా తెచ్చుకున్నాను.

అక్క పూర్తిగా విన్నది.

"కావాల" అంది. "ఎన్నాళ్ళకు అడిగినావురా! బోరు ఉండే పక్క కావాల."

తువ్వాలతో మొహాన చెమట తుడుచుకున్నాను.

నా వీలునామా ఇప్పుడు ఒకటిన్నర పేజీ. ఇల్లు, డిపాజిట్లు మా ఆవిడకు. తోటలో నా పాలు ఎంతో తేలాలంటే ముందు తాత పేరు మారాలి, అక్కవీ అమ్మవీ భాగాలు పంచాలి, బోరు ఏ పక్క ఉందో సర్వేయరు గొలుసు పట్టి తేల్చాలి. ఈ లోగా మా ఆవిడ నిదానంగా వెళ్ళి తన కుప్పం సైటుకు అర పేజీ వీలునామా రాయించుకుంది. వీలునామాను ఎక్కడైనా రిజిస్టరు చేయించుకోవచ్చునట, మదనపల్లెలోనే పని ముగించింది. ఇద్దరు కుర్రసాక్షులను కూడా తనే వెతుక్కుంది. సైటు ఎవరికి రాసిందో నాకు చెప్పలేదు. లాభపడేవాళ్ళు దగ్గరుంటే కోర్టుకు అనుమానం వస్తుందంది.

నా పద్నాలుగు స్టాంపు పేపర్ల వెనకవైపు ఇప్పుడు పాల లెక్క రాస్తా ఉంది.